పతంగి తెచ్చినోని కథ ఎవలు జెప్పాలె?

ఖాలెద్ హొస్సేనీ నవల 'ది కైట్ రన్నర్' 2003లో వచ్చింది. పెద్దల కోసం రాసిందే గాని చాలా దేశాల్లో హైస్కూలు, కాలేజీ పిల్లల చేతుల్లోకి పోయింది. చెడిపోయిన సోపతి, దాచిన రహస్యం, ఇరవై ఆరేండ్లు వెంటాడిన తప్పు, ఇదీ అందులోని సరుకు. చదివినోళ్లను ఏడిపిస్తది, నిజమే. ఆ ఏడుపు ఎవరి కోసమన్నదే మా ప్రశ్న.

తెలియనివాళ్ల కోసం కథ నాలుగు మాటల్లో. కాబూల్‌లో అమీర్ ఒక పష్తూన్ ధనవంతుని కొడుకు. హసన్ ఆ ఇంటి నౌకరు అలీ కొడుకు, హజారా. హజారాలంటే అక్కడ ముఖం తీరును బట్టే గుర్తుపట్టి తిట్టే జనం. ఇద్దరూ ఒకే దాది పాలు తాగిన్రు. అయినా ఒకడు పండేది బంగ్లాలో, ఇంకొకడు తోటమూలన మట్టిగుడిసెలో. 1975 చలికాలంలో పతంగుల పోటీ అమీర్ గెలుస్తడు. తెగిన పతంగి తెచ్చేందుకు ఉరికిన హసన్‌ మీద గల్లీలో అసెఫ్ అనే పెద్దింటి పిల్లగాడు లైంగికదాడి చేస్తడు. అమీర్ చాటుకు నిలబడి చూస్తడు, ఆపడు. తర్వాత హసన్ ముఖం చూడలేక, తన గడియారం, పైసలు వాని పరుపు కింద పెట్టి దొంగతనం అంటగడ్తడు. చెయ్యని దొంగతనాన్ని హసన్ ఒప్పుకుంటడు. తండ్రీకొడుకులు ఇల్లు విడిచిపోతరు.

ఇంతవరకు చదివితే బోధన్ చెరుకు పల్లెల్లో పుట్టినోళ్లకు ఇది పరాయిదేశం కథ అనిపించదు. నిజాంసాగర్ నీళ్లు, 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ కలిసి ఇక్కడ చెరుకును పెంచినయి. తోట ఎవరిది, చెరుకు నరికే చెయ్యి ఎవరిది అన్న లెక్క మాత్రం మారలేదు. 2015లో ఫ్యాక్టరీకి లాకౌట్ పడ్డది గాని ఆ లెక్కకు పడలేదు. దొర కొడుకూ జీతగాని కొడుకూ ఒకే చెరువుల ఈదిన కథలు ఏ వాడలో అడిగినా చెప్తరు. బువ్వ కాడికి వచ్చేసరికి ఒకడు లోపట, ఒకడు బయట. దాన్ని సోపతి అని ముచ్చటగా చెప్పుకునేది ఎక్కువగా లోపట తిన్నవాడే. అమీర్ కనీసం ఇక్కడ నిజం చెప్తడు: హసన్‌ను తానెప్పుడూ దోస్తు అనుకోలేదంటడు. రచయిత నిజాయితీని మేము కాదనం.

నవలలో మాకు అన్నింటికన్న విలువైన చోటు వేరే ఉంది. అమీర్ తన మొదటి కథ రాసి హసన్‌కు వినిపిస్తడు. మాయగిన్నెలో కన్నీళ్లు పడితే ముత్యాలైతయి. ముత్యాల ఆశకు ఒకడు ఏడ్వడానికి చివరకు పెండ్లాన్నే చంపుకుంటడు. అంతా విని, అక్షరం ముక్క రాని హసన్ అడుగుతడు: ఏడ్వడానికి పెండ్లాన్ని చంపుడెందుకు, ఉల్లిగడ్డ వాసన చూస్తే సరిపోదా? అమీర్ నోట మాట రాదు. ఈ నవలలో మొదటి సాహిత్య విమర్శకుడు హసనే అని మేమంటం. కాని తన పాత్ర అడిగిన ప్రశ్నను హొస్సేనీ తానే వినలేదు. అమీర్ తప్పు కడుక్కోవాలంటే కన్నీళ్లు కావాలె, కన్నీళ్ల కోసం హసన్ చావాలె. దొర బంగ్లాకు కాపలా ఉండగానే తాలిబాన్లు అతన్ని కాల్చేస్తరు. పెద్దయ్యాక హసన్ తన గొంతుతో మాట్లాడేది ఒక్క ఉత్తరంలో. అందులోనూ కోపం లేదు!

ఇంకొకటి. హసన్ తన తండ్రికే పుట్టిన తమ్ముడని అమీర్‌కు 2001లో తెలుస్తది. కాబూల్ పోవడానికి వెనకాముందాడుతున్నోన్ని కదిలించేది ఆ సంగతే. రక్తం ఒకటని తేలకపోతే మట్టిగుడిసెలో ఉన్నోనికి బాకీ లేనట్టేనా? క్రూరత్వమంతా హిట్లర్‌ను మెచ్చే అసెఫ్ మీదికి నెట్టేసరికి, మర్యాదస్తుల ఆ ఇల్లు తీపి జ్ఞాపకంగా మిగిలిపోతది.

దళిత సాహిత్యంలో రహస్యం మోసేది దెబ్బతిన్నోడు. బాబురావు బాగుల్ 1963 నాటి మరాఠీ కథ 'జెవ్హా మీ జాత్ చోరలీ హోతీ'లో కులం దాచినవాన్ని, కవి అని నెత్తిన పెట్టుకున్న తోటి కార్మికుడే తెలిసినంక కొడ్తడు. ఎం.ఎం. వినోదిని కథ 'తప్పిపోయిన కుమార్తె ఉపమానం'లో దళిత క్రైస్తవ విద్యార్థిని బ్రాహ్మణ స్నేహితురాలి ఇంటితీరు చూసి మోజుపడి, తన ఇంటిని చూసి సిగ్గుపడ్తది. తప్పు చేసినోనికి పశ్చాత్తాపం, చెయ్యనోళ్లకు సిగ్గు. ఈ పంపకం గురించే పిల్లలతో మాట్లాడాలె.

నిజామాబాద్ పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీలు దళితవాడలను సాంఘికంగా బహిష్కరించిన ఘటనలు ఎన్నోసార్లు పత్రికలకెక్కినయి. వాళ్లతో మాట్లాడినోళ్లకు జరిమానా. నిన్నటిదాక ఒకే బెంచీ మీద కూసున్న పిల్లల సోపతిని అక్కడ తెంపేది ఊరి తీర్మానం. ఆ గల్లీ మలుపు కాడ అమీర్ ఒక్కడే నిలబడిలేడు. దీన్ని ఒక పిల్లగాని పిరికితనంగా చదివితే కమిటీ కనబడదు.

చివర్లో అమెరికాలో హసన్ కొడుకు సోహ్రాబ్ కోసం పతంగి వెంట అమీరే ఉరుకుతడు. అది మాకు నచ్చింది. పిల్లగాడు పెదవి మూలన కొద్దిగ నవ్విండు. నోరు ఇంకా విప్పలేదు.