చిట్టా కలదు, ఆవర్జా ఏది?

ప్రొద్దుటూరు బంగారు కొట్ల వీధిలో ప్రాతఃకాలమున తలుపులు తెరచి, దీపము వెలిగించి, ఎదుట చిట్టా పెట్టుకొని కూర్చుండు వర్తకులను చిన్ననాటినుండి చూచుచు పెరిగినవాడను గనుక, నాటి క్రయవిక్రయములను జరిగిన వరుసనే వ్రాసికొను పుస్తకము చిట్టా యనియు, అందుండి ఒక్కొక్కరి లెక్కను వేరుగా తీసి ఏండ్ల తరబడి నడపు పుస్తకము ఆవర్జా యనియు, చిట్టా ఎవరైనను వ్రాయవచ్చును గాని ఆవర్జా లేని వ్యాపారము నిలువదనియు, వైద్యశాస్త్రము చదువుటకు పూర్వమే ఎరుగుదును. ఎరిగియు, ముప్పది యేండ్లు గుండెజబ్బులకు వైద్యము చేసి, నా రోగుల విషయమున చిట్టా మాత్రమే వ్రాసితిని.

ఈ సంగతి నాకు మొన్న నొక్కి తెలియజెప్పినది పులివెందుల పిల్ల యొకతె. ఎం.డి. ముగించి, హృద్రోగశాస్త్రమున డి.ఎం. సీటు సంపాదించి, చేరబోవుటకు ముందు నన్ను చూడవచ్చి, “సార్, గుండె మీద రీసెర్చి చేయాలంటే అమెరికాకు పోవాల్నా? ఈడుండి అయ్యేది కాదా?” అని అడిగినది. వెంటనే బదులు చెప్పలేక, బీరువాలోని నా పాత నోటు పుస్తకమొకటి తీసి ఆమె చేతిలో పెట్టితిని. ఆమె తెరచిన పుటలో జమ్మలమడుగు ప్రాంతపు శనగరైతు ఒకడుండెను. వయస్సు 42. తెల్లవారుజామున వచ్చి, “ఎదలో మంట సామీ, రాత్రి గ్యాసు పట్టుకునింది, ఒక సూది ఏసి పంపించు” అన్నాడు. ఈసీజీ తీయగా అది గ్యాసు కాదు, గుండెపోటు. రక్తపు గడ్డను కరిగించు స్ట్రెప్టోకైనేసు ఎక్కించితిమి, నొప్పి తగ్గెను, కొన్ని దినములకు ఇంటికి పోయెను. పుట అంతటితో సరి. ఆ పిల్ల తలయెత్తి, “తరువాత ఏమాయె సార్?” అన్నది. ఆయన ఏడాది బ్రదికెనో, ఇరువదియేండ్లు బ్రదికెనో, మాత్రలు ఎన్ని నెలలు వాడి మానెనో, మరల సేద్యము చేయగలిగెనో, నాకు తెలియదు. అటువంటి పుటలు నా పుస్తకములలో వందలున్నవి.

హృద్రోగ పరిశోధన అనగానే మనవారి మనస్సున గాజుగొట్టములును, కోట్ల విలువగల యంత్రములును మెదలును. కాని ఆ శాస్త్రమునకు ఆదిపురుషులలో ఒకడైన జేమ్స్ మెకంజీ ఇంగ్లండులో బర్న్‌లీ అను నేతపనివారి పట్టణమున ఇంటింటికి తిరిగి వైద్యము చేసిన సామాన్యవైద్యుడు. మగ్గములును ప్రత్తిబేరమును ఎరిగిన మన ప్రొద్దుటూరువంటి ఊరే అది. గర్భవతియైన ఒక హృద్రోగి తన కళ్ళయెదుటనే ప్రసవవేళ మరణింపగా, ఏ గుండె ప్రసవమును తట్టుకొనును, ఏది తట్టుకొనదు అను ప్రశ్నకు పుస్తకములలో సమాధానము దొరకక, ఆయన తానే వెదకబూనెను. ముంజేతి నాడిని, మెడలోని సిర కదలికను ఒకే కాగితముపై గీయు పాలిగ్రాఫు అను పరికరమును ఆ ప్రాంతపు గడియారముల పనివాని సాయముతో చేయించుకొనెను. పరికరముకంటె గొప్పది ఆయన ఓర్పు. మధ్యమధ్య లయ తప్పి కొట్టుకొను గుండెలను చూచి తక్కిన వైద్యులు భయపడి రోగులను మంచమున పడవేయుచుండగా, ఆయన అట్టివారిని ఏండ్ల తరబడి వెంబడించి చూచి, వారిలో అనేకులు హాయిగా పనిపాటలు చేసికొని బ్రదికిరని నిరూపించెను. 1902లో నాడీపరీక్షపై గ్రంథము వ్రాసెను. 1907లో లండనుకు పోయి ప్రఖ్యాతుడయ్యెను. అయినను, వ్యాధి మొలకెత్తునప్పుడు చూచువాడు పెద్దాసుపత్రి వైద్యుడు కాడు, ఊరి వైద్యుడే యని నమ్మి, కీర్తిధనములను విడిచి, 1919లో సెయింట్ ఆండ్రూస్ అను చిన్న పట్టణమున పరిశోధనాలయము పెట్టెను. నా ముప్పదియేండ్లలో ఈయన చరిత్రను మొదటనే చదివియుండవలసినది.

అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ కథయు ఇట్టిదే. 1948లో మొదలుపెట్టి ఆ యూరి స్త్రీపురుషులను 5,209 మందిని చేర్చుకొని, రెండేండ్లకొకమారు పరీక్షించుచు పోగా, రక్తపోటు, కొలెస్టెరాలు, పొగత్రాగుట గుండెపోటునకు దారితీయునని లోకమునకు తేటపడెను. ఆ యూరి మనుమల తరము కూడ నేడు ఆ లెక్కలో ఉన్నది. మనవైపు చూతమన్నను, గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి పోయి, మరణించినవారి కడపటి దినములను గూర్చి బంధువులనడిగి, కారణములను నిర్ణయింపజేయగా, నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధులవలననే యని తేలెను. 2006లో ఆ ఫలితము ప్రకటితమగువరకు, గుండెపోటు పట్టణపు ధనికుల జబ్బనియే పల్లెల నమ్మకము. దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు సగటున 53వ యేటనే, అనగా ఇతరులకంటె ఆరేండ్లు ముందుగా వచ్చునని చెప్పిన ఇంటర్‌హార్ట్ పరిశోధనయు, రోగులను, ఆరోగ్యవంతులను ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి అడిగిన ప్రశ్నలనుండియే పుట్టెను.

మన తెలుగువాడైన డాక్టరు కె. శ్రీనాథరెడ్డి ఉస్మానియాలో చదివి, ఢిల్లీ ఎయిమ్సులో హృద్రోగశాస్త్రము నేర్చిన పిదప, కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమునకు పోయి నేర్చుకొనినది క్రొత్త శస్త్రవిద్య కాదు. సమూహములలో వ్యాధిని లెక్కించు విద్య. తిరిగివచ్చి ఎయిమ్సులో హృద్రోగ విభాగమునకు అధిపతియై, 2006లో ప్రారంభమైన పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్‌కు సారథ్యము వహించెను. కావున విదేశమునకు పోవుట తప్పని నేననను. ఏమి తెచ్చుకొనుటకు పోవుచున్నామో తెలిసి పోవలెను.

ఇక మన జిల్లాలో ఏమి కొరత? జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి మిషనరీల కాలమునాటిది. కడపలో రిమ్స్ 2006 నుండి ఉన్నది. పొరుగున తిరుపతిలో స్విమ్స్ 1993 నుండి ఉన్నది. క్యాంబెల్ ఆసుపత్రిలోనే వైద్యుడుగా పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రిపేర ఆసుపత్రి పెట్టిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రియైన పిమ్మట, 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ వలన పేదవానికి గుండె ఆపరేషను అందుబాటులోనికి వచ్చెను. రోగులున్నారు, చికిత్సయున్నది. ఆపరేషను జరిగిన అయిదవ యేట రోగి ఎట్లున్నాడో చెప్పగలది మాత్రము వాని ఊరే. అక్కడికి పోయి అడుగు వైద్యుడు కావలెను.

డి.ఎం. మూడేండ్లలో ప్రతి విద్యార్థియు థీసిస్ వ్రాయును. సంతకములైన పిదప అది అట్టపెట్టెలో చేరుట నేనెన్నిమారులో చూచితిని. పదోన్నతికొరకు తొందరగా వ్రాసిన వ్యాసములవలన పేరు ప్రక్కన అంకెలు పెరుగును గాని జ్ఞానము పెరుగదని నా నిశ్చితాభిప్రాయము. ఆ పిల్లతో ఇట్లంటిని: “అమ్మా, ఒకే ప్రశ్న పట్టుకో. మన పల్లెలలో ఛాతీనొప్పి మొదలైన గడియనుండి ఈసీజీ తీయు గడియవరకు ఎంత కాలము పోవుచున్నది, ఎందుకు పోవుచున్నది? దీనిని పదేండ్లు విడువకు. మొదటి సంవత్సరముననే గణాంకశాస్త్రము తెలిసినవానితో స్నేహము చేయుము.” ఆమె నా పుస్తకములను తీసికొనిపోయినది, ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చువరకు అందులోని ఒక్క పేరును ముట్టనని తనంతట తానే చెప్పినది. ఆ మాటకు నేనెంతయో సంతసించితిని.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాఠకులారా! గుండెపోటునుండి బయటపడి వచ్చినవారు మీ యింట ఉన్నచో, ఏడాదికో అయిదేండ్లకో ఒక యువవైద్యురాలు ఫోను చేసి, “ఎట్లుండారు? మాత్రలు వాడుతాండారా?” అని అడిగినపుడు, ఏ ఆసుపత్రియో అడిగి నిర్ధారించుకొని, ఓపికతో బదులు చెప్పుడు. ఆ మనిషి అప్పటికి లేకపోయినను ఫోను పెట్టివేయకుడు. ఎప్పుడు పోయెనో, ఎట్లు పోయెనో, ఆమె వ్రాసికొనువరకు నిదానముగా చెప్పుడు.