చెన్నపురిలో ఆంధ్ర భోజనము

చెన్నపురిలో ఇంటివెలుపల భుజింపదలచిన వారికి చోట్లకు కొదువలేదు. తిరువల్లిక్కేణిలో 1948 నాటి రత్నా కఫే ఇడ్లీలపై ధారాళముగా పోయు సాంబారునకు పేరుపొందినది. 1962లో వెలసిన డ్రైవ్-ఇన్ వుడ్‌లాండ్స్ 2008లో మూతపడినను, ఉడిపి ఫలాహారపు గౌరవము తగ్గలేదు.

‘ఆంధ్ర’ యను పేరుగల భోజనశాలల సంగతి వేరు. అరటియాకున మొదట కందిపొడి, నేయి వడ్డించు మర్యాదను నిలిపినందుకు వానిని మెచ్చవలసినదే. కాని పెక్కుచోట్ల కారమే ఆంధ్రత్వమని యెంచుచున్నారు. గుంటూరు మిరపకు ఖ్యాతి కలదు, నిజమే. అయినను మన విస్తరి మిరపతో ముగియదు. ఆవకాయ ఘాటును ముద్దపప్పు అణచును. గోంగూర పులుపునకు పచ్చియుల్లి తోడగును. పిదప చారు, చివర గడ్డపెరుగు. ఈ పొందికయే మన వంట.

1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడిన పిదపను ఇచటనే నిలిచిన మన కుటుంబములలో, లిపి రాని పిల్లలకును రుచి తెలియును. ఆ రుచియు ఒట్టి కారమే యని వారు నేర్చినచో మనకు మిగులునది బోర్డుపై పేరే.

కావున భోజనశాలను కారముతో గాక పప్పుతో పరీక్షింపుడు. పప్పు కమ్మగానున్నచోటికే పిల్లలను తోడ్కొనిపొండు. మారు వడ్డింపుమని వారిచేతనే తెలుగున అడిగింపుడు.