పల్లకిలో ఎవరు?

కల్కి ‘పొన్నియిన్ సెల్వన్’ 1950–54 మధ్య వారంవారం సీరియల్‌గా వచ్చిన చోళుల కథ. అయిదు భాగాలు! దాన్ని 1999లో చెన్నైలో మ్యాజిక్ లాంటర్న్ బృందం నాటకంగా వేసిందని విన్నప్పుడు, సీరియళ్లు రాసే నాకు గుండె ఝల్లుమంది. ఏం కోసి పారేశారో అని!

కడంబూరు కోటలో కుట్రే చూడండి. అర్ధరాత్రి వందియదేవన్ చాటుగా నక్కి చూస్తుంటాడు. నందిని పల్లకి తెర తొలగుతుంది. దిగేది నందిని కాదు, మధురాంతకుడు! చదువుతున్నప్పుడు మనమూ ఊపిరి బిగబట్టి అతని పక్కనే నక్కుతాం. నాటకంలోనో, గోడకు రెండువైపులా కనిపిస్తుంది. తీరిగ్గా కూచుని చూస్తాం. ఈ నష్టం ఎంత గొప్ప సెట్టింగు వేసినా పూడేది కాదు.

కానీ నందిని ఉంది చూశారూ! ఎంత వేడుకున్నా వినకుండా ఆదిత్య కరికాలుడు వీరపాండ్యుణ్ణి చంపాడు. ఆ పాండ్యుడి మీనం గుర్తు కత్తిని ఆవిడ పసిబిడ్డలా దగ్గర పెట్టుకుంటుంది. కల్కి పేజీలకు పేజీలు రాసిన పగని మంచి నటి ఒక్కమాటా లేకుండా, ఆ కత్తి నిమురుతూ చెప్పెయ్యగలదు. టైము చాలదని ఆ ఒక్క సీనూ తీసేశారా, నందిని ఉత్త వాంప్ అయిపోతుంది. అలాంటి నాటకానికి టిక్కెట్టు ఊరికే ఇచ్చినా నేను వెళ్లను.