డిస్కు పోయే ముందు చెప్పే మాట

పాకాల దగ్గర మా ఊళ్లో బావి మోటర్లు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. వచ్చీ రాగానే పానా పట్టుకునేవాడు కాదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి అదిమిపెట్టి కళ్లు మూసుకునేవాడు. తర్వాత నన్ను పిలిచి నా చెవికీ పెట్టేవాడు. "ఇను నాయనా, బేరింగి అరస్తా ఉండాది. ఇప్పుడు మారిస్తే బేరింగితో పోతాది. వారం ఆగినామంటే వైండింగు కాలిపోతాది" అనేవాడు. మొదట్లో నాకంతా ఒకటే రొద. నాలుగైదు మోటర్లు విన్నాక, ఆ రొద అడుగున రాళ్లు నలిగినట్టు ఇంకో చప్పుడు పట్టుబడింది.

బోర్లు వెయ్యి అడుగుల లోతుకు దిగాక మోటరు చెవికి అందకుండా పోయింది. చిత్తూరు రైతు అప్పుడు స్టార్టరు పెట్టె మీది ఆంపియర్ ముల్లును చదవడం మొదలుపెట్టాడు. ముల్లు రోజూ ఉండే చోటు దాటి పైకి పోతే మోటరును ఏదో పట్టేస్తోందని అర్థం. కిందికి పడితే బోరులో నీళ్లు తగ్గిపోయి పంపు ఉత్తినే తిరుగుతోందన్నమాట. తిరుపతిలో సర్వర్లు చూసుకుంటూ నేను చేసే పనీ ఇదే. కంటికి కనిపించకుండా తిరిగేదాని లోపలి సంగతి బయట కనిపించే అంకెలో చదవాలి.

సర్వర్లలో వాడే హార్డ్‌డిస్కుల పళ్లేలు మామూలుగా నిమిషానికి 7,200 సార్లు తిరుగుతాయి. పాత కరణం పుస్తకం తలుచుకోండి. చెమ్మ తగిలిన పేజీలో అంకె అలుక్కుపోతే కరణం దానికో గుర్తు పెట్టుకుంటాడు. ఇక ఆ పేజీ రాతకు పనికిరాదని తేలితే, పుస్తకం చివర ఉంచుకున్న ఖాళీ పేజీలో రాసుకుంటాడు. డిస్కూ అంతే చేస్తుంది. చదవలేకపోయిన సెక్టార్లను 'పెండింగ్' లెక్కలో వేస్తుంది, పనికిరాదని తేలినవాటికి బదులు విడి సెక్టార్లు వాడుకుని ఆ లెక్కా రాసిపెడుతుంది. 1990లలో ఐబీఎం, కాంపాక్, డిస్కు తయారీదారులు కలిసి రూపు కట్టిన 'స్మార్ట్' పద్ధతి ఈ లెక్కల పుస్తకమే. ఆ పుస్తకంలో నేను ముందు చూసేవి ఐదో నంబరు (బదులు వాడిన సెక్టార్లు), 197 (పెండింగ్), 198 (చదవలేకపోయినవి) వరసలు. అంకె ఎంతుందన్నదాని కంటే, నిన్నటికీ ఇవాళ్టికీ కదిలిందా అన్నదే నాకు ముఖ్యం. ఏడాదిగా 12 దగ్గరే ఆగిన డిస్కుతో బతకవచ్చు. సోమవారం 0, బుధవారం 8, శుక్రవారం 40 అయితే శనివారం దాకా ఆగకూడదు.

అయితే డిస్కులన్నీ చెప్పి పోవు. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి చెప్పిన సంగతులు ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు కంఠతా రావాలి. స్కాన్‌లో మొదటి తప్పు కనబడిన డిస్కు 60 రోజుల్లో పోయే అవకాశం మిగతావాటి కంటే 39 రెట్లు ఎక్కువ. అదే పరిశీలనలో, పోయిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు గుర్తుల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. అంటే చెవి ఎంత బాగా పెట్టినా సగమే వినబడుతుంది. మిగతా సగానికి ఏర్పాటు ముందే ఉండాలి.

ఆ సగం దెబ్బ నేను తిన్నాను. నేను పనిచేసిన ఒకచోట ఐదు డిస్కుల రెయిడ్-5 ఉండేది, అంటే ఒక్క డిస్కు పోతే తట్టుకునే, రెండోది పోతే తట్టుకోలేని అమరిక. అందులో ఒక డిస్కు పోయి, ముందున్న పసుపు దీపం నెలరోజులు మిణుకుమిణుకుమంది. ఒకటి పోయినా సర్వర్ నడుస్తుంది కదా అని ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. కొత్త డిస్కు పెట్టి పునర్నిర్మాణం మొదలుపెట్టాక, మిగిలిన నాలుగింటిలో ఒకటి మధ్యలో చదవలేనంది. ఐదూ ఒకే అట్టపెట్టెలో వచ్చినవి, ఒకే వయసువి. బ్యాకప్ తెరిస్తే సగం ఫైళ్లు ఖాళీ. ఆ రాత్రి నుంచి మూడు పనులు మానలేదు: వేర్వేరు బ్యాచుల డిస్కులు కొనడం, వారానికోసారి డిస్కులన్నీ మొదటి నుంచి చివరి దాకా చదివించడం, బ్యాకప్‌లోంచి ఏదో ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరిచి చూడడం.

ఒకటి పోయినా మొత్తం ఆగకుండా కట్టడం ఎలాగో చూడాలంటే తిరుపతి–చిత్తూరు దారిలో గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్‌కు 1,024 యాంటెన్నాలు. మొదట్లో వాటన్నిటికీ కలిపి 32 పెద్ద ట్రాన్స్‌మిటర్లు ఉండేవి. ఒకటి మూగబోతే దాని కింది యాంటెన్నాలన్నీ మూగబోయినట్టే. తర్వాత ప్రతి యాంటెన్నాకూ ఒక కిలోవాట్ చిన్న ట్రాన్స్‌మిటర్ మాడ్యూల్ పెట్టారు. ఇప్పుడు నాలుగు ఆగినా రాడార్ ఆకాశాన్ని చూస్తూనే ఉంటుంది, వాటిని తీరిక చూసుకుని మార్చుకోవచ్చు. ఆ పొలం నిండా నిలబడ్డ యాంటెన్నాలను చూసినప్పుడల్లా నాకు పెద్ద సర్వర్ గదులే గుర్తొస్తాయి.

మన వైపు డిస్కు కంటే ముందు కాచుకోవలసింది బ్యాటరీని. గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన బ్యాటరీల కంపెనీ అమర రాజా మన కరకంబాడిలోనే ఉంది. యూపీఎస్‌ల కింద కూర్చునే సీసపు బ్యాటరీలు మనకు కొత్త కాదు. అయినా వాటిని చూసేవాళ్లు తక్కువ. 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకూ ఈ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. మే నెలలో తిరుపతి ఎండ 40 దాటినప్పుడు, ఏసీ సర్వర్లకు పెట్టి బ్యాటరీలను మెట్ల కింద పడేస్తే అవి ఏడాదికే ముసలివవుతాయి. వరసలో ఒక్క బ్యాటరీ నీరసించినా కరెంటు పోయిన క్షణంలో వరసంతా కూలుతుంది. పక్కలు ఉబ్బాయేమో చేత్తో తడిమి చూడాలి. కొత్తగా ఉన్నప్పుడు అంతర్నిరోధం కొలిచి రాసుకుని, మూడు నెలలకోసారి దానితో పోల్చాలి. వోల్టేజి ఒక్కటే చూస్తే మోసపోతాం. లోడు పడేదాకా అది నిండుగానే కనిపిస్తుంది.

మెమరీ సంగతి రెండు మాటల్లో చెప్పొచ్చు. ఈసీసీ మెమరీ తప్పును తానే దిద్దుకుని, దిద్దిన లెక్క చెబుతుంది. ఒకే చోట ఆ లెక్క పెరుగుతుంటే ఆ పలక మార్చేయాలి.

దుమ్ముకు మాత్రం మనకు ఒక పండుగే ఉంది. ఆయుధపూజకు ముందురోజు మేం సర్వర్లను ఒక్కొక్కటిగా ఆపి, బయటికి తెచ్చి, ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొడతాం. ఎర్రమట్టి పొగలా లేస్తుంది. ఎండిన బల్లులు రాలతాయి, ఫ్యాను ముందు పేరుకున్న నూగు చాపలా ఊడొస్తుంది. ర్యాకు తలుపుకు పసుపు, కుంకుమ బయటి వైపే పెడతాం, గుమ్మడికాయ వీధిలో కొడతాం, కర్పూరం గది బయటే వెలిగిస్తాం. పొగ, పొడి లోపలికి పోకూడదు. పూజకు ముందు కడిగి తుడవడమన్న ఆచారం పెట్టిన పెద్దలకు యంత్రం మనసు తెలుసని నా నమ్మకం. శుభ్రం చేశాక లోపలి వేడి ఎన్ని డిగ్రీలు తగ్గిందో పుస్తకంలో రాసుకుంటాం.

నిన్న సాయంత్రం ఆ పుస్తకంలో చేరిన వరస ఇది: మూడో అర, పెండింగ్ 8, మొన్న 0. రాత్రే బ్యాకప్ తీశాం. మార్చి నెల జీతాల ఫైలు వెనక్కి తెచ్చి తెరిచాం, తెరుచుకుంది. కొత్త డిస్కు చెన్నై నుంచి గురువారం పొద్దుటి బస్సులో వస్తుంది.