ఆఖరి వరుస చదివితే చాలా?

కంటి వెనక ఊడిన రెటీనా పొరకు ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు రోగి మళ్లీ అక్షరాల చార్టు ముందు కూర్చుంటాడు. తడుముకుంటూనైనా కింది వరుస దాకా చదివేస్తాడు. ఫైలులో 6/6 పడుతుంది. అదే మనిషి ఆ కంటితో ఇంట్లో తలుపు చట్రాన్ని చూస్తే మధ్యలో వంగి ఉంటుంది, సందెవేళ మెట్ల అంచు తెలియదు, ఎదుటివాళ్ల మొహం ఒక్కో కంటికి ఒక్కో సైజులో ఆనుతుంది. ఇవేవీ ఫైలుకెక్కవు. అది చార్టు తప్పు కాదు. తెల్లటి కాగితం మీద ఎంత చిన్న నల్లటి అక్షరాన్ని పోల్చుకోగలమో తేల్చడానికే 1862లో నెదర్లాండ్స్ డాక్టర్ హెర్మన్ స్నెలెన్ దాన్ని తయారుచేశాడు. చూపంటే అంతేననుకున్నది మనం. రెటీనా ఆపరేషన్ ఫలితం రాసేటప్పుడు అక్షరాల పక్కనే వంకర ఎంత, మసక ఎంత అన్నది కూడా రాసి తీరాలి.

స్విట్జర్లాండ్‌లో జూల్స్ గోనాన్ 1920ల్లో రెటీనా చిరుగును మూసే పద్ధతి చూపించేదాకా, ఊడిన కన్ను దాదాపు పోయినట్టే. కాబట్టి అప్పట్లో ‘అతుక్కుందా?’ అన్నదే అసలు ప్రశ్న. ఇప్పుడు ఎక్కువ కళ్లు అతుక్కుంటున్నాయి గనుక, ఎలా అతుక్కుందని అడగాలి. పొర తన పాత చోటు నుంచి రవ్వంత జరిగి అతుక్కున్నా గీతలు వంగుతాయి. దీన్ని కొలిచే ఎం-చార్ట్ అనే జపాన్ పద్ధతి ఉంది. మొదట ఒక నిండు గీత చూపిస్తారు. అది వంకరగా ఉందంటే, చుక్కల గీత పెడతారు. చుక్కల మధ్య ఎడం పెంచుకుంటూ పోతారు. ఎంత ఎడం దగ్గర గీత తిన్నగా కనబడిందో అదే వంకరకు కొలత. ఈ కొలత ఎందుకు పనికొస్తుందో టొరంటోలో 176 మందిపై జరిపి 2019లో వెలువరించిన పివట్ అధ్యయనంలో తెలిసింది. రెటీనా పైభాగంలో చిరుగులున్నవాళ్లలో కొందరికి కంట్లో గ్యాస్ బుడగ ఎక్కించారు, మిగతావాళ్లకు విట్రెక్టమీ, అంటే కంట్లోని జెల్లీని తీసేసే ఆపరేషన్, చేశారు. మొదటి ప్రయత్నంలో అతుక్కున్నవి గ్యాస్‌తో నూటికి 81, విట్రెక్టమీతో 93. ఇక్కడే ఆగితే విట్రెక్టమీదే గెలుపు. కానీ ఏడాదికి అక్షరాలు కాస్త ఎక్కువ చదివిందీ, నిలువు గీతల వంకర తక్కువ ఉన్నదీ గ్యాస్ వాళ్లకే. మళ్లీ ఆపరేషన్ పడ్డవాళ్లనూ కలిపితే చివరికి రెండు వైపులా నూటికి 99 దాకా అతుక్కున్నాయి.

ఓపీలో వందమంది క్యూలో ఉంటే ఇవన్నీ ఎవరు చేస్తారంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే గోనాన్ దగ్గర పనిచేసిన మార్క్ ఆమ్స్లర్ పేరుతో ఉన్న గళ్ల కాగితం చూపించడానికి కంటికి ఒక నిమిషం చాలు. మసకను, అంటే కాంట్రాస్ట్‌ను, కొలవడానికి పెల్లి-రాబ్సన్ చార్టుంది. అందులో అక్షరాలన్నీ ఒకే సైజు, మూడేసి చొప్పున వెలిసిపోతూ వస్తాయి. మెదడే సర్దుకుంటుందిలే అనేవాళ్లున్నారు. కొందరికి సర్దుకుంటుంది, నిజమే. ఎవరికి సర్దుకుందో, ఎవరికి లేదో కొలవకుండా ఎలా చెబుతాం? తెలిసినా చేసేదేముందన్నది గట్టి అభ్యంతరం. జరిగిపోయిన ఆపరేషన్‌కు అది చాలావరకు నిజం. రేపు రాబోయే రోగికి ఏ ఆపరేషన్ మేలో తేల్చేది మాత్రం ఈ కొలతలే. తన బాధకు కాగితం మీద ఒక అంకె ఉంటే, ‘అంతా బాగానే ఉంది కదా’ అన్న మాట రోగికి వినాల్సిన పని ఉండదు.

రెటీనా ఆపరేషన్ అయినవాళ్లు ఒక్కో కన్ను మూసి గుమ్మం వైపు చూడండి. చట్రం వంగి కనిపిస్తే, చార్టు మొత్తం చదివేసినా సరే, ఆ మాట డాక్టరుగారికి చెప్పి ఫైలులో రాయమనండి.