వెనక షాక్‌లో పాత ఆయిల్

ఇంజిన్ ఆయిల్ మార్చాలని అందరికీ గుర్తుంటుంది. వెనక షాక్ అబ్జార్బర్‌లోనూ ఆయిల్ ఉంటుందని, అదీ పాడవుతుందని చాలామందికి తట్టదు. వరంగల్ నుంచి పాకాల వైపో లక్నవరం వైపో వెళ్లి మొరం బాటల్లో డర్ట్ బైక్ తోలేవాళ్లకైనా ఈ సంగతి తెలియాలి. రాడ్‌కు అంటిన దుమ్ము ప్రతి కుదుపుకూ సీల్ అంచును కొంచెం కొంచెం అరగదీస్తుంది. షాక్ ఒక్కరోజులో చెడిపోదు. మెల్లమెల్లగా మెత్తబడుతుంది, తోలేవాడు దానికే అలవాటు పడిపోతాడు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

లోపల పిస్టన్ ఆయిల్‌ను సన్నటి దారుల గుండా తోస్తుంది. పలచటి ఉక్కు షిమ్‌లు ఆ దారులకు అడ్డుపడుతుంటే కుదుపులోని శక్తి వేడిగా మారిపోతుంది. పిస్టన్ వేగంగా కదిలితే దాని వెనక ఒత్తిడి పడిపోయి బుడగలు పుడతాయి. బుడగలు చేరిన ఆయిల్‌కు పట్టు ఉండదు, చక్రం ఎగిరెగిరి పడుతుంది. ఫ్రెంచి ఇంజినీరు ద కార్బన్ 1950లలో ఆయిల్‌ను గ్యాస్ ఒత్తిడి కింద ఉంచి ఈ బెడదను అదుపుచేశాడు. తర్వాత బెల్జియంకు చెందిన లూసియన్ టిల్కెన్స్ ఆలోచనతో యమహా తన మోటోక్రాస్ బండికి వెనక ఒకే షాక్ పెట్టింది. 1973లో హాకన్ ఆండర్సన్ ఆ బండి మీదే 250 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు.

షాక్ విప్పేముందు సర్దుబాటు స్క్రూల క్లిక్కులు లెక్కపెట్టి, స్ప్రింగ్ పొడవు కొలిచి రాసుకోవాలి. తర్వాత గ్యాస్ వాల్వ్‌ను ముఖానికి దూరంగా తిప్పి లోపలి ఒత్తిడి వదలాలి. అది పూర్తిగా పోయిందని తేలేదాకా ఏ సర్‌క్లిప్ జోలికీ పోకూడదు. రాడ్ మీద గోరుకు తగిలే గీత ఉంటే కొత్త సీల్ వేసినా నిలవదు. గ్యాస్‌నూ ఆయిల్‌నూ వేరుచేసే రబ్బరు బ్లాడర్ పగిలిందేమో, పిస్టన్ బ్యాండ్ అరిగిందేమో చూడాలి.

పనితనమంతా గాలి తీయడంలో ఉంది. కొత్త ఆయిల్ పోసి, పిస్టన్‌ను నిదానంగా పైకీ కిందికీ కదుపుతూ, బాడీని మెల్లగా తడుతూ బుడగలు ఆగేదాకా కూర్చోవాలి. ఇక్కడ తొందరపడితే మిగతా శ్రమంతా వృథా. ఉస్తాద్ దగ్గర ఫోర్క్ సీళ్లు మార్చడం నేర్చిన కుర్రాడికి ఈ ఓపిక ముందే వచ్చి ఉంటుంది. అతనికి లేనిదల్లా నైట్రోజన్ సిలిండర్, రెగ్యులేటర్, సరైన గేజ్. మన మెకానిక్ షెడ్లకు ఇవి రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

చాలా డర్ట్ బైక్ షాక్‌లకు సుమారు 10 బార్ నైట్రోజన్ ఒత్తిడి కావాలి. ఆ బైక్ టైర్లలో నింపేది అందులో నాలుగో వంతు కూడా ఉండదు. పైగా గ్యాస్ గది చాలా చిన్నది, మామూలు గేజ్ పెట్టి తీస్తేనే ఒత్తిడి పడిపోతుంది. కంప్రెసర్ గాలిలో తేమ ఉంటుంది, అది పనికిరాదు. ఆక్సిజన్ అయితే అసలు తలపెట్టకూడదు: ఒత్తిడిలో ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది. రోడ్డు బండ్లకు వచ్చే షాక్‌లు చాలావరకు విప్పేలా చేసినవి కావు, వాటికి చిల్లుపెట్టి వెల్డింగ్ చేయడం ప్రాణాంతకం.

గ్యాస్ ఎక్కించాక రాడ్‌ను నొక్కి వదిలితే తనంతట తాను బయటికి రావాలి. షాక్‌ను నీళ్లలో ముంచి లీకు చూడాలి. బండికి బిగించాక, తోలేవాడు హెల్మెట్, బూట్లతో సహా కూర్చుంటే వెనక భాగం ఎంత దిగుతుందో కొలవాలి. 300 మిల్లీమీటర్ల ప్రయాణం ఉన్న మోటోక్రాస్ బండికి దాదాపు 100, హీరో ఎక్స్‌పల్స్ 200 లాంటి 170 మిల్లీమీటర్ల బండికి 50 చుట్టుపక్కల ఉండాలి. స్ప్రింగ్ బిగింపు రింగును ఎంత తిప్పినా ఆ లెక్క కుదరకపోతే మార్చాల్సింది స్ప్రింగ్.