తొమ్మిదో ప్రశ్న దగ్గర

జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) సాధించిన పీహెచ్‌డీ విద్యార్థికి 2023 జనవరి నుంచి నెలకు 37 వేల రూపాయలు. రెండేళ్ల తర్వాత పని చూసి సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్‌) ఇస్తే 42 వేలు. ఇంటి అద్దె భత్యం వేరు. చుట్టాలకు ఇది ఉద్యోగమూ కాదు, చదువూ కాదు. మా సైకాలజీలో, ప్రజారోగ్యంలో మాత్రం ఆ డబ్బుతో పిల్లలకు దొరికేది తీరిక. తొందర లేకుండా ఒక మనిషి ఎదురుగా కూర్చోగలిగే తీరిక.

కుంగుబాటును అంచనా వేయడానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి వాడతాం. గత రెండు వారాల్లో ఎలా ఉన్నారో అడిగే తొమ్మిది ప్రశ్నలు. కాగితం మీద ఐదు నిమిషాల పని. పల్లెలో అరుగు మీద కూర్చుంటే అలా సాగదు. "సంతకం పెడితే రేషన్ కార్డు పోదు కదా బిడ్డా?" అని ఆ ఇంటి ఇల్లాలు అడుగుతుంది. అత్తగారు గుమ్మంలోంచి కదలదు. నాట్ల రోజులైతే అసలు ఇంట్లో ఎవరూ దొరకరు. అందుకే నా దగ్గర చేరిన వాళ్లకు ముందు చెప్పేది ఒకటే: మొదటిసారి వెళ్లినప్పుడు ఫైలు తెరవొద్దు. ఎవరు పంపారో, ఎందుకు వచ్చారో, ఇష్టం లేకపోతే మధ్యలో ఆపేయొచ్చని కూడా చెప్పి వచ్చేయండి.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి "అవును" అని జవాబు వస్తే టిక్కు పెట్టుకుని పక్కింటికి పోకూడదు. ఇది నేను కచ్చితంగా పట్టుబట్టే విషయం. పెన్ను పక్కన పెట్టాలి, వినాలి, ఆమెను ఒంటరిగా వదలకుండా ఎవరికి అప్పగించాలో అడుగు పెట్టకముందే తెలిసి ఉండాలి. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ఫోను నంబరు, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 రెండూ ఫైలు మొదటి పేజీలో రాయిస్తాను. ఆ రోజుకు అనుకున్న ఇళ్లు పూర్తి కాకపోయినా ఫర్వాలేదు.

ఇలా నమ్మకం నిలబెట్టుకుంటే ఏమొస్తుందో మన దగ్గరే చూశాం. 1987-90లో హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం ఇచ్చి అధ్యయనం చేశారు. ఆ పిల్లలు పెద్దయ్యాక పరిశోధకులు మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లి రక్తపోటు, ఎముకల గట్టిదనం కొలవగలిగారు. మొదటి బృందం సరిగా మసలుకోకపోతే అన్నేళ్ల తర్వాత తలుపు తెరిచేవారా?

నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. మానసిక సమస్యలున్నవారిలో, సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని ఆ సర్వే తేల్చింది. మన ఊళ్ల సంగతి తెలియాలంటే ఇక్కడి రీసెర్చ్ స్కాలర్లు తిరిగి రాసే థీసిస్‌లే చాలావరకు దిక్కు.

అలాంటి పిల్లలకు ఫెలోషిప్ నెలల తరబడి రాకపోవడం నేను చూశాను. హాస్టల్ మెస్ బకాయి పెరుగుతుంది, ఊళ్లకు వెళ్లడం ఆగిపోతుంది. మళ్లీ వస్తామని మాట ఇచ్చిన ఇళ్లకు వెళ్లలేకపోతే పోయేది వాళ్ల పరువే కాదు, ఆ తర్వాత వెళ్లే వాళ్ల మీద నమ్మకం కూడా. సామాజిక శాస్త్రాల వాళ్లకు యూజీసీ ఇచ్చే కంటింజెన్సీ (పరిశోధన ఖర్చుల) గ్రాంటు మొదటి రెండేళ్లు ఏడాదికి 10 వేలు. బస్సు ఛార్జీలు, జిరాక్సులు, రికార్డింగులు విని రాసిపెట్టే వారి కూలి అన్నీ అందులోనే సర్దుకోవాలి. అది పెంచాలి. ఫెలోషిప్ నెల మొదటి వారంలోనే ఖాతాలో పడాలి. ఫైళ్ల మీద సంతకాలు చేసే పెద్దలందరికీ ఇది నా విన్నపం.

మీ గడపకు ఫైలు పట్టుకుని ఇలాంటి అమ్మాయో అబ్బాయో వస్తే, గుర్తింపు కార్డు, ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం చూపించమని అడగండి. నచ్చకపోతే వద్దనండి, అది మీ హక్కు. సరేనంటే మాత్రం ఒక గంట వాళ్లతో కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పండి.